ఊ కొట్టని సభ

పాట తప్ప మరో పని రాని దన్‌బీకి, తీరా పాడాల్సిన రోజు దగ్గర పడేసరికి గొంతులో వెలక్కాయ పడింది.

కొరియా దేశంలో నైరుతి మూల కొండల మధ్య ఓ చిన్న ఊరు, ఆ ఊళ్ళో ఓ బడి, ఆ బడి వరండా చివర ఓ పాటల గది. దన్‌బీ అక్కడే పిల్లలకి పాన్సోరి నేర్పుతుంది. పాన్సోరి అంటే బ్రహ్మవిద్యేం కాదు. ఒక మనిషి విసనకర్ర పట్టుకుని నిలబడి కథంతా పాడుతుంది, ఇంకో మనిషి పక్కన కూర్చుని డోలు కొడుతుంది. అంతే సరంజామా. అయితే ఆ ఇద్దరితో పని జరగదు. వినేవాళ్ళు కావాలి, వాళ్ళు ఊరికే వింటే చాలదు. మన దగ్గర కథ చెప్పే అవ్వ, ఊ కొట్టడం మానేస్తే అక్కడే కథ ఆపేసి అటు తిరిగి పడుకునేది చూడండి, అక్కడా అదే తంతు. పాడే మనిషి ఊపిరి తీసుకునే సందులో జనం “ఒల్‌సీగు!” అని కేకెయ్యాలి. భేష్, కానియ్, మేమున్నాం అని దాని అర్థం. ఆ కేక పడకపోతే పాట కుంటుతుంది.

ఆ బడి చూడటానికి పరదేశాల పంతుళ్ళు వస్తున్నారు. రాజధానిలో అద్దాల మేడల్లాంటి బడులు చూశారట, రాజుల కోటలు చూశారట, పాత గురుకులం అరుగు మీద కూర్చుని ఫొటోలు దిగారట. ఇప్పుడు కొండల్లో బడి ఎట్లా ఉంటుందో చూస్తారట. కబురు అందిన దగ్గర్నుంచి వైస్ ప్రిన్సిపాల్ ప్యో గారికి కంటి మీద కునుకు లేదు. కిటికీలు రెండుసార్లు కడిగించాడు. పూలకుండీలు అరువు తెచ్చాడు. చివరికి దన్‌బీని పిలిచాడు.

“నాలుగు నిమిషాలు పాడు. ఉప్పమ్ముకునే ముసలిదాని కథలో వెన్నెల ముక్క ఉంది కదా, అది చాలు. ఆ ముసలిదాని తగువులూ తిట్లూ వద్దు. మైకులో మెల్లగా పాడు. ఇంకో సంగతి, పిల్లలెవరూ నోరు తెరవకూడదు. పోయిన ఏడాది వచ్చినవాళ్ళు ఆ కేకలకి ఉలిక్కిపడి చచ్చారు. ఈ బడిలో క్రమశిక్షణ లేదని ఒకాయన రాసి మరీ పోయాడు.”

దన్‌బీ నసిగింది.

“చూడమ్మా,” అన్నాడాయన గొంతు తగ్గించి. “నీ గది తీసేసి కంప్యూటర్లు పెట్టమని పైనుంచి ఒత్తిడి. వచ్చినవాళ్ళు మెచ్చుకుంటే నేనేదో చెప్పి ఆపగలను. మెచ్చుకోకపోతే నా చేతుల్లో లేదు.”

ఆయన చెడ్డవాడని కాదు. భయస్థుడు. భయస్థుడి చేతిలో అధికారం ఉంటే ఇట్లాగే ఉంటుంది. దన్‌బీ కూడా ఆ సమయానికి తక్కువ తినలేదు లెండి. “సరేనండీ,” అనేసింది. ఆ గది పోతే పిల్లల పాట పోతుంది, తనేమో ఏ హోటల్లోనో భోంచేసేవాళ్ళ పక్కన నిలబడి పాడుకోవాలి. మరేం చేస్తుంది పాపం.

సాయంత్రం నేరుగా గురువమ్మ ఇంటికి పోయింది. వాళ్ళ భాషలో సన్‌సెంగ్‌నిమ్ అంటారు, మనం గురువమ్మ అనుకుందాం. పేరు ఉల్‌సున్. ఒకప్పుడు పాడేది, ఇప్పుడు డోలు పట్టుకుంది. డెబ్బై దాటినా నడుం వంగలేదు, నోరు అసలే వంగలేదు. దన్‌బీకి ఏడేళ్ళుగా పాఠం చెబుతోంది. ఆ ఏడేళ్ళలో పాఠం మధ్య ఎన్నిసార్లు తిట్టిందో లెక్కలేదు గానీ, “ఒల్‌సీగు” అన్న మాట శిష్యురాలి కోసం ఒక్కసారి కూడా ఆ నోట రాలేదు.

ముసలమ్మ అరుగు మీద వెల్లుల్లి ఒలుస్తోంది. దన్‌బీ చెప్పులు విప్పి, నడుం దాకా వంగి దణ్ణం పెట్టి, ఎదురుగా కూలబడి మొదలెట్టింది. నాలుగు నిమిషాల సంగతి చెప్పింది. మైకు సంగతి చెప్పింది. గది సంగతి చెప్పింది.

ఉల్‌సున్ వెల్లుల్లి ఒలుస్తోంది.

“పిల్లలు నోరు తెరవకూడదట, సన్‌సెంగ్‌నిమ్.”

ఊ లేదు, ఆ లేదు.

“మన ఇద్దరి మధ్యా మాట కాబట్టి చెబుతున్నా, నాకు మాత్రం ఇష్టమా? కానీ ఏం చెయ్యను? గది ఉంటే కదా మిగతావన్నీ...”

ముసలమ్మ తల కూడా ఎత్తలేదు. కనుబొమ్మ కదల్లేదు. గోడకి చెప్పినా గోడ కాస్త బదులు పలుకుతుంది. దన్‌బీ ఇంకో రెండు ముక్కలు చెప్పింది, వాటిల్లో సగం నాలుక మీదే ఉండిపోయాయి. తన మాటలు తనకే వెర్రి మాటల్లా వినిపించడం మొదలెట్టాయి. చివరికి ఆగిపోయింది.

“ఏంటండీ, అసలు వినరేంటి?”

“విన్నాను,” అంది ఉల్‌సున్. “నోరు మూసుకుని విన్నాను. ఎట్లా ఉంది?”

దన్‌బీకి ఒళ్ళు మండిపోయింది. అర్థం కాక కాదు. అర్థమయ్యే మండింది.

“మీకేమండీ, ఎన్నైనా అంటారు. ఆ గది మీది కాదు. ఆ పిల్లలు మీ పిల్లలు కాదు. వచ్చేవాళ్ళకి మన భాష ఒక్క ముక్క రాదు, వాళ్ళకి ముసలిదాని తగువు ఏం తెలుస్తుంది, వెన్నెల ఏం తెలుస్తుంది? మీకు ఇష్టం లేకపోతే రావద్దు. డోలు రికార్డు పెట్టుకుని పాడుకుంటాను!”

గురువుతో అట్లా మాట్లాడటం ఆ దేశంలోనే కాదు, ఏ దేశంలోనూ మర్యాద కాదు. అన్నాక తనకే చెమటలు పట్టాయి.

“వస్తాను,” అంది ఉల్‌సున్. ఒలిచిన వెల్లుల్లి దోసెడు ఆమె చేతిలో పెట్టి, “మీ అమ్మకివ్వు,” అని లోపలికి పోయింది.

ఆ రోజు రానే వచ్చింది. బస్సు దిగిన పంతుళ్ళు పొద్దున్నే కొండ మీద బౌద్ధ మఠం చూసొచ్చారు. ఆ దేశపు బళ్ళలో బయటి చెప్పులతో లోపలికి అడుగు పెట్టనివ్వరు, గుమ్మంలో విప్పి లోపలి చెప్పులు తొడుక్కోవాలి. పిల్లల పాదాలకి సరిపోయే చెప్పుల్లో ఆ పెద్ద పెద్ద దొరలు సగం మడమ బయట పెట్టి టపటపలాడించుకుంటూ నడుస్తుంటే చూడాలి తమాషా. పిల్లలు నవ్వలేదు. నవ్వకూడదని ముందే చెప్పారు కదా.

ఆ గుంపులో మనావిడ కూడా ఉంది. శ్రీకాకుళం వైపు ఓ బడి హెడ్మిస్ట్రెస్, పేరు దమయంతి. నేత చీర మీద స్వెట్టరేసుకుని, అవతల కూర్చున్న పిల్లల్నే చూస్తోంది. అంత బుద్ధిగా ఉన్న పిల్లలంటే ఆవిడకి మొదట్నుంచీ అనుమానమే.

హాల్లో పిల్లలు వరసలుగా కూర్చున్నారు, ఒక్కరి పెదవి కదలడం లేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నోరే లేకపోతే ఆ ఊరినేమంటారో నాకు తెలీదు.

దన్‌బీ వేదికెక్కింది. ఉల్‌సున్ తెల్ల బట్టల్లో వచ్చి డోలు ముందు కూర్చుంది. ఆ సాయంత్రం సంగతి ముఖంలో ఎక్కడా లేదు. దుబాసీ పిల్ల లేచి కథ చెప్పింది. ఉప్పమ్ముకునే ముసలామె ఒకతె, నెత్తిన మూటతో ఇంటికి పోతుంటే దారిలో వాగు పొంగింది. వాగు మీద వెన్నెల పడింది. ఆ వెన్నెలని పాడతారు, వినండి అంది.

అసలు కథ అది కాదు. ఆ ముసలిది వాగుతో పోట్లాడుతుంది. కథకి ప్రాణమంతా ఆ పోట్లాటే. వెన్నెల దానికి ముందు కాసేపు.

దన్‌బీ మైకు పట్టుకుని వెన్నెల పాడింది. గొంతు బాగుంది. ఎక్కడా అపస్వరం లేదు. ఊపిరి తీసుకునే సందు వచ్చింది, సందు ఖాళీగా పోయింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ ఖాళీ. దొరలు ఫోన్లు పైకెత్తి మర్యాదగా చూస్తున్నారు. ఒకావిడ చేతిగడియారం వైపు చూసుకుంది. పాట చల్లారిన అన్నంలా తయారైంది, పాడే మనిషికి ముద్ద దిగడం లేదు.

డోలు ఆగింది.

దన్‌బీ ముందు తను తాళం తప్పాననుకుంది. పక్కకి చూసింది. ఉల్‌సున్ పుల్లని డోలు మీద అడ్డంగా పెట్టి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ముఖంలో కనుబొమ్మ కదలడం లేదు. వెల్లుల్లి ఒలిచేటప్పటి ముఖం అది.

తెర పక్కనుంచి ప్యో గారు కానివ్వమని చేతులూపుతున్నాడు. ఆయన నుదుటి మీది చెమట దన్‌బీకి అక్కడిదాకా కనిపిస్తోంది. గురువమ్మ వైపు ఉరిమి చూసింది. ఇంతమందిలో! ఏడేళ్ళు చాకిరీ చేసినందుకు ఇదా? గది పోయింది, అంతా పోయింది, ఈ ముసలిదాని పంతానికి పిల్లలు...

పిల్లలు అనుకోగానే వాళ్ళ వైపు చూసింది. ముందు వరసలో గాఓన్ అనే పిల్ల ఉంది, పాటల గదిలో అందరికంటే పెద్ద గొంతు దానిది. రెండు చేతులతో నోరు గట్టిగా అదిమి పట్టుకుంది. ఒల్‌సీగు పడాల్సిన చోటల్లా దాని భుజాలు ఎగిరెగిరి పడి ఉంటాయి, జడ ముందుకొచ్చి పడింది. కళ్ళల్లో నీళ్ళు. నోరు మూయించింది ప్యో గారు కాదు. సరేనండీ అన్నది తను.

దన్‌బీ వంగి మైకు నేల మీద పెట్టింది. లేచి విసనకర్ర ఒక్క విసురుతో ఫట్టున విప్పింది. దొరల వైపు నుంచి పక్కకి జరిగి, పిల్లల ఎదురుగా నిలబడింది. డోలు లేదు, మైకు లేదు. పాడకూడదన్న ముక్కే ఎత్తుకుంది.

“ఏమిటే నీ పొగరు, వాగూ?
నిన్నటిదాకా చెప్పు తడవని దానివి,
రెండు వానలకే నడుమెత్తు లేచావా!
నా నెత్తిన మూట, నా ఇంట ఆరు నోళ్ళు,
దారిస్తావా, నిన్ను ఉప్పునీళ్ళు చేసి పొమ్మంటావా?”

దుబాసీ పిల్ల కాయితాలు తిరగేసింది. అందులో ఈ ముక్క లేదు. ఇక చెప్పేదేం లేక కూర్చుండిపోయింది.

సందు వచ్చింది. దన్‌బీ ఆగింది. ఎవరూ పలకలేదు. ఆమె ముందుకి పోలేదు. కాసేపు అట్లాగే నిలబడింది. అబ్బ, ఎంత పొడుగు నిశ్శబ్దమో! అదయ్యాక వాగు గొంతుతో పాడింది, కడుపులోంచి, గరగరా:

“ముసలీ, మూట దించు, ప్రాణం దక్కించుకో.
నీలాంటివాళ్ళని పొద్దున్నే ముగ్గుర్ని మింగాను.”

మళ్ళీ ఆగింది. మళ్ళీ ఎవరూ పలకలేదు. పిల్లలు ప్యో గారి వైపు బిక్కుబిక్కుమంటూ చూస్తున్నారు. ఆయనకిక ఓపిక నశించింది. తెర దించేస్తే గొడవ వదిలిపోతుందని తాడు దగ్గరికి పోయాడు, తాడు చేత్తో పట్టుకున్నాడు. దన్‌బీ చూసింది. ఆయన్ని చూస్తూనే, కాలు నేలకేసి కొట్టి, చీలిన గొంతుతో పాడింది.

“దించితే నేనెవర్నే, వాగూ?
నా తల్లి మోసింది, ఆమె తల్లి మోసింది,
మూట కింద పుట్టినదాన్ని, మూట కిందే నడుస్తాను.
మింగుతావా? మింగు! దాహంతో నువ్వే చస్తావు!”

“ఒల్‌సీగు!”

కేక తెర పక్కనుంచి వచ్చింది. గట్టిగా, మోటుగా, సంతలో వేసే కేకలా. సరిగ్గా సందులో పడింది, వెంట్రుకవాసి అటూ ఇటూ కాలేదు.

హాలంతా అటు తిరిగింది. ప్యో గారు తాడు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నోరు ఇంకా తెరిచే ఉంది. ఎవరన్నారు ఆ మాట అన్నట్టు తనే బిత్తరపోయి చూస్తున్నాడు. ఎంత చదివినా, ఎంత పైకెదిగినా, ఆ ఊళ్ళో పుట్టి, ఆ ఊరి సంతలో అమ్మ కొంగు పట్టుకుని పాటలు విన్నవాడే కదా. కంటి రెప్పని కొట్టుకోవద్దంటే ఊరుకుంటుందా?

ఇంకేముంది. కట్ట తెగింది. గాఓన్ నోటి మీంచి చేతులు తీసేసి “ఒల్‌సీగు!” అంది. వెనక వరసలు అందుకున్నాయి. పిల్లలందరూ మోకాళ్ళ మీద లేచారు. “చోత్తా! బాగుంది! ఇంకా తిట్టు!” అని కేకలు. దొరలు నిజంగానే ఉలిక్కిపడ్డారు, ఫోన్లు దించేశారు, తమ పక్కవాళ్ళ ముఖాలు చూశారు. ఆ తర్వాత నవ్వడం మొదలెట్టారు. మన దమయంతమ్మకి ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా తర్వాతి సందు రాగానే కూర్చున్న చోటునుంచి లేచి “భళా!” అని అరిచింది. ఆ మాట దన్‌బీకి తెలీదు. కానీ పడాల్సిన చోట పడిందని తెలిసింది.

అప్పుడు డోలు మీద పుల్ల పడింది.

నాలుగు నిమిషాలని ఎవరూ తలుచుకోలేదు. ముసలిది వాగు దాటిందాకా పాట ఆగలేదు. బయట బస్సు డ్రైవరు హారన్ కొట్టి కొట్టి, విసిగిపోయి, తనూ లోపలికొచ్చి గోడకానుకుని నిలబడ్డాడు. పంతుళ్ళు ఆ తర్వాత చూడాల్సిన మ్యూజియం మూసేసే వేళయింది.

పంతుళ్ళంతా పోయాక దన్‌బీ పాటల గదిలో విసనకర్ర మడుస్తోంది. ఉల్‌సున్ మూలన కూర్చుని డోలుకి గుడ్డ చుడుతోంది. పిల్లలు తలుపు దగ్గర గుంపుగా ఉన్నారు, ఇంటికి పొమ్మన్నా పోవడం లేదు.

ప్యో గారొచ్చాడు. చేతిలో తాళాల గుత్తి. ముఖం ఇంకా ఎర్రగానే ఉంది.

“నోరు జారింది,” అన్నాడు ముందుగా. “అది సరే. కానీ నువ్వు చేసిన పని... పైవాళ్ళు పంపినాయన అంతా చూశాడు. ప్రోగ్రాం ప్రకారం జరగలేదన్నాడు. మ్యూజియం పోయిందన్నాడు. అతిథులు సంతోషించారు, నేను కాదనను. కానీ సంతోషం వేరు, పద్ధతి వేరు. సోమవారానికి ఈ గది ఖాళీ చెయ్యాలి. నేను చెప్పి చూస్తాను, కానీ నా మాట...”

దన్‌బీకి నోటి చివరిదాకా ఒక మాట వచ్చింది. సరేనండీ. ఎన్నేళ్ళ అలవాటో అది. దానంతటదే వస్తుంది.

గురువమ్మ వైపు చూసింది. ఉల్‌సున్ గుడ్డ ముడి వేస్తోంది, తల ఎత్తలేదు.

దన్‌బీ ఆ మాటని మింగేసింది. చేతులు రెండూ ముందు కట్టుకుని ఆయన ముఖంలోకి చూస్తూ నిలబడింది.

“అంటే సామాను సర్దుకోవడానికి టైమిస్తాను,” అన్నాడు ప్యో గారు.

ఊ లేదు, ఆ లేదు.

“కంప్యూటర్లు కూడా పిల్లల కోసమే కదా. నాకేమైనా పగా నీ మీద? నేను కూడా ఈ ఊరివాణ్ణే. మా అమ్మ కూడా పాట అంటే... అది కాదనుకో. పద్ధతి అనేది ఒకటి ఉంటుంది. పైవాళ్ళు చెప్పినప్పుడు మనం...”

తలుపు దగ్గర పిల్లలు కూడా మాట్లాడలేదు. నోరు మూసుకోమని ఈసారి వాళ్ళకెవరూ చెప్పలేదు. ఆయన ఇంకో రెండు ముక్కలు అన్నాడు, అవి నాలుక మీదే ఉండిపోయాయి. తన మాటలు తనకే ఎట్లా వినిపించాయో ఏమో, తాళాల గుత్తి ఆ చేతిలోంచి ఈ చేతిలోకి, ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. చివరికి ఆగిపోయాడు.

“ఏమ్మా, ఏమీ అనవేంటి? విన్నావా అసలు?”

“విన్నానండీ,” అంది దన్‌బీ. “నోరు మూసుకుని విన్నాను. ఎట్లా ఉంది?”

ప్యో గారు ఆమెని చూశాడు. ఆ తర్వాత పిల్లల్ని చూశాడు. తాళాలు జేబులో వేసుకున్నాడు. లోపలి చెప్పులు టపటపలాడించుకుంటూ వరండా వెంట వెళ్ళిపోయాడు. సోమవారం ఏం జరుగుతుందో ఆయనకీ తెలీదు, వీళ్ళకీ తెలీదు.

గది మూలన ముసలమ్మ డోలు ముడి బిగించింది. ఇంకా తల ఎత్తలేదు.

“ఒల్‌సీగు,” అంది.